అంచున నిలబడ్డ అత్తమ్మ కూడా అందంగా పడాలంటే...

సద్దుల బతుకమ్మ నాడు మా మరిపెడలోనైనా, చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా ఫోటో తీసేవాళ్ళ అవస్థ ఒక్కటే. "ఇంకొంచెం ఎనకకు జరుగు, అందరు వస్తలేరు" అని ఆడవాళ్ళు కేకేస్తుంటారు. వెనక్కి జరిగితే గోడ, పక్కకి జరిగితే అరుగు. ఎలా తీసినా నలుగురు తప్పిపోతారు. ఇంట్లో సీమంతమైనా, సత్యనారాయణ వ్రతమైనా ఇదే తంతు.

ఇప్పుడు ఇల్లాళ్ళు కూడా సరదాగా డిజిటల్ కెమెరా పడుతున్నారు. అలాంటివారికి ఎవరో ఒకరు "అల్ట్రా వైడ్ యాంగిల్ లెన్స్ కొనుక్కో, అందరూ పడతారు" అని సలహా ఇస్తారు. దాని ఖరీదు తక్కువేం కాదు. చిట్టీ ఎత్తిన డబ్బు అందులో పెట్టేముందు కొన్ని సంగతులు తెలుసుకుంటే మంచిది కదూ!

ఎంత మేర పడుతుంది?

కెమెరాతోపాటు వచ్చే లెన్సు మీద సాధారణంగా 18-55 అని ఉంటుంది. అవి మిల్లీమీటర్లు. అంకె తగ్గేకొద్దీ ఎక్కువ మేర కనిపిస్తుంది. పది అడుగుల దూరం నుంచి 18 దగ్గర పెట్టి తీస్తే పన్నెండు, పదమూడు అడుగుల వెడల్పు పడుతుంది. అదే 10 దగ్గరైతే ఇరవై రెండు, ఇరవై మూడు అడుగులు! ఇది చిన్న సెన్సర్ ఉండే మామూలు కెమెరాల లెక్క. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి 16 దగ్గరే ఇంత మేర వచ్చేస్తుంది.

అంచున ఎవరుంటారు?

అసలు చిక్కు ఇక్కడే. అంత వెడల్పుని ఒక చదునైన ఫోటోలో సర్దాలంటే అంచుల్లో ఉన్నవి పక్కకి సాగుతాయి. ముఖం వెడల్పవుతుంది, భుజం లావెక్కుతుంది. ఎంత ఖరీదైన లెన్సయినా ఇది తప్పదు.

మన గ్రూపు ఫోటోల్లో నడిమధ్య కుర్చీల్లో కూర్చునేదెవరు? అంచుల్లో నిలబడేదెవరు? వంటింట్లోంచి కొంగుకి చేతులు తుడుచుకుంటూ ఆఖర్న వచ్చి ఓ పక్కన ఒదిగే అత్తమ్మ, చంటిదాన్ని ఎత్తుకున్న కోడలు. వెనకటి ఫోటోల్లో వాళ్ళు సగమే పడేవారు. ఈ లెన్సుతో పూర్తిగా పడతారు గానీ సాగిపోయి పడతారు. "నేనింత లావున్ననా?" అని ఆవిడ ఆ ఫోటో వంక మళ్ళీ చూడదు.

అందుకే మనుషుల్ని తీసేటప్పుడు 10 దాకా పోకండి. 14, 18 మధ్య ఉంచి, రెండు వరుసలుగా నిలబెట్టి, రెండు వైపులా మూరెడేసి ఖాళీ వదలండి.

మరి దేనికి పనికొస్తుంది?

దగ్గరికి వెళ్ళి తీయడానికి! ఈ లెన్సులో దగ్గరున్నది మరీ పెద్దగా, దూరంగా ఉన్నది చిన్నగా కనిపిస్తుంది. బతుకమ్మ ముందు నేలమీద కూర్చుని తీయండి. తంగేడు, గునుగు పూల వరుసలు ఫోటో నిండా పరుచుకుంటాయి. వెనక చప్పట్లు కొడుతూ తిరిగే వాళ్ళంతా వలయంలా వస్తారు.

హన్మకొండ వేయిస్తంభాల గుడిలో, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన రామప్ప గుడిలో లోపల వెనక్కి జరిగే చోటుండదు. అక్కడా ఇది అక్కరకొస్తుంది. కెమెరా మాత్రం నిటారుగా పట్టుకోవాలి. పైకెత్తితే స్తంభాలు లోపలికి వాలిపోయినట్టు కనిపిస్తాయి.

కొనేముందు...

చాలా ఫోన్లలో 0.5 అని ఉండేది అల్ట్రా వైడ్ కెమెరానే. ఓ నెల దాంతో తీసి చూడండి. మీ పాత ఫోటోల వివరాలు కంప్యూటర్లో చూడండి. 18 దగ్గర తీసినవి నాలుగైదే ఉంటే ఈ లెన్సు బీరువాలోనే ఉండిపోతుంది.

2014లో వచ్చిన కెనాన్ 10-18, 2017లో వచ్చిన నికాన్ 10-20 రెండూ పావుకిలో లోపే బరువు. చేతి వణుకు తగ్గించే ఏర్పాటూ ఉంది. అయితే అది మన చేతినే సర్దుతుంది, తిరుగుతూ ఆడేవాళ్ళని ఆపలేదు. రాత్రిపూట వీధి దీపాల వెలుగులో తీసేవారికి ఎఫ్ 2.8 ఉన్న టోకినా 11-16 మేలు. అది ఎఫ్ 4.5 కంటే రెండున్నర రెట్లు వెలుగు తీసుకుంటుంది. బరువు మాత్రం అరకిలో పైనే. అది సెకండ్ హ్యాండ్‌లో దొరికితే జాగ్రత్త! 2008 నాటి నికాన్ రకంలో మోటారు లేదు. లోపల మోటారు లేని నికాన్ కెమెరాలకి తగిలిస్తే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. కెమెరాకున్న ఫ్లాష్‌ని కూడా నమ్ముకోవద్దు. దాని వెలుగు ఇంత వెడల్పుకి చాలదు, అంచులు చీకటైపోతాయి.

పండగలూ గుళ్ళూ తీయాలన్న మోజుంటే నిశ్చింతగా కొనండి. ఇంటిల్లిపాదీ ఒక్క ఫోటోలో పడితే చాలనుకుంటే ఉన్న లెన్సుతోనే డాబా మీదికి వెళ్ళి తీసుకోవచ్చు. ఏ లెన్సయినా సరే, నొక్కేముందు అత్తమ్మని మాత్రం మధ్యకి పిలవండి.