సంక్రాంతి కొలువులో నిజాంగారి విమానం

డయోరామా! పేరు కొత్తగా ఉందని కంగారు పడకండి. ఒక బొమ్మను ఒంటరిగా నిలబెట్టకుండా, దాని చుట్టూ నేల, చెట్లు, మనుషులు అన్నీ ఒకే కొలతలో అమర్చి ఒక సన్నివేశం చూపించడమే డయోరామా. సంక్రాంతికి బొమ్మల కొలువులో మనం చేసేదీ అదే కదూ! అద్దం ముక్క పెట్టి చెరువంటాం. రాగులు మొలకెత్తించి పొలమంటాం. గట్టు మీద కొండపల్లి ఎడ్లబండిని నడిపిస్తాం.

విదేశాల్లో యుద్ధ విమానాల నమూనాలను ఇలా అమర్చుకోవడం చాలామందికి సరదా. మన పిల్లలూ దుకాణంలో అలాంటి విమానం కనిపిస్తే చాలు, కావాలని మారాం చేస్తారు. “ఇంట్లోకి బాంబులూ తుపాకులూ ఎందుకురా?” అని తల్లికి అనిపించడం సహజమే. కానీ వద్దని కసురుకోవడం కంటే వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని విమానంతో పాటు దాని నేలనూ చేయించి చూడండి. విమానం ఒక్కటే అయితే అది ఆట వస్తువు. నేల చేసేటప్పుడే అసలు ప్రశ్నలన్నీ వస్తాయి. అది ఎవరిది? డబ్బు ఎవరిచ్చారు? అందులో వెళ్లినవాళ్లు తిరిగి వచ్చారా?

ఏ విమానం చేద్దాం?

మన పేరున్న విమానమే చేద్దాం. విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్లే దారిలో, జగ్గయ్యపేట దాటాక గరికపాడు వస్తుంది. ఈనాడు అది ఆంధ్ర, తెలంగాణల సరిహద్దు. తెల్లదొరల కాలంలోనూ ఆ చుట్టుపక్కలే రెండు ఏలుబడులు కలిసేవి. ఇటు కృష్ణా జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, అటు కోదాడ వైపంతా నిజాం రాజ్యం.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిష్ వారికి ఒక విమాన దళానికి సరిపడా విమానాలు కానుకగా ఇచ్చారు. అందుకే ఆ 110వ దళానికి ‘హైదరాబాద్ స్క్వాడ్రన్’ అని పేరు వచ్చింది. 1918 సెప్టెంబరులో అది ఫ్రాన్సు చేరి జర్మనీ పట్టణాల మీద బాంబులు వేసింది. విమానాల పేరు డి.హెచ్.9ఎ. నిజాం ప్రభువుల కానుక అని వాటి మీద ఇంగ్లీషులో రాసి ఉండేది. నవంబరు 11న యుద్ధం ఆగింది. ఆ రెండు నెలల పైచిలుకులోనే ఆ దళం విమానాలు చాలా పోయాయి.

వాటిలో ఒకటి మాత్రం ఈనాటికీ ఉంది. దాని నంబరు ఎఫ్1010. 1918 అక్టోబరు 5న జర్మన్లకు చిక్కింది. వాళ్లు దాన్ని బెర్లిన్ ప్రదర్శనశాలలో పెట్టుకున్నారు. రెండో యుద్ధంలో అది పోలెండు చేరింది. చివరికి 1977లో బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం వారు పోలెండుకు ఒక స్పిట్‌ఫైర్ విమానం ఇచ్చి, బదులుగా దీన్ని తెచ్చుకున్నారు. మన పాత ఇత్తడి సామాను మార్పిడిలాగే!

కొలత సులువు

అడుగుకు పావు అంగుళం చొప్పున లెక్క వేసుకోండి. దర్జీ టేపు చాలు. అసలు విమానం రెక్కలు ఈ చివరి నుంచి ఆ చివరికి సుమారు 46 అడుగులు, అంటే మనకు పదకొండున్నర అంగుళాలు. పొడవు 30 అడుగులు, అంటే ఏడున్నర అంగుళాలు. ఆరడుగుల మనిషి అంగుళంన్నర ఉంటాడు. మనిషి, డేరా, చెట్టు, ఏది చేసినా ఈ లెక్క తప్పకూడదు. తప్పితే సన్నివేశం చెడుతుంది.

కావలసినవి

తెల్లపొణికి కర్ర లేదా జీలుగు బెండు, మందమైన శుభలేఖలు నాలుగైదు, కొబ్బరి చీపురు పుల్లలు, బూడిదరంగు కుట్టు దారం, కోటు గుండీలు రెండు, ఫెవికాల్, సుద్ద, రంగులు, రంపపు పొట్టు, చింతగింజల పిండి, వాడి ఎండబెట్టిన టీపొడి, పాత పంచె ముక్క, అడుగుకు ఒక చెక్క పలక.

తయారుచేసే విధానం

కొండపల్లి కళాకారులు బొమ్మలు చేసేది తెల్లపొణికితోనే. తేలిగ్గా, మెత్తగా ఉంటుంది. ఏడంగుళాల ముక్కను ముందు వైపు అంగుళం ఎత్తు ఉంచి, తోక వైపు సన్నగా చెక్కండి. కత్తి పని మాత్రం పెద్దవాళ్లే చెయ్యాలి. ముక్కు దగ్గర గుండ్రంగా చెక్కకండి. ఈ విమానానికి అక్కడ పాత మోటారు కారుకున్నట్టు చదరపు రేడియేటరు ఉంటుంది. పైన ఒకదాని వెనక ఒకటిగా రెండు గుంటలు చెయ్యాలి. ముందు దానిలో నడిపేవాడు, వెనక దానిలో తుపాకీ పట్టుకుని చుట్టూ చూసేవాడు.

దీనికి రెక్కలు రెండు అంతస్తులు. శుభలేఖ అట్టలు రెండేసి అతికించి, అంగుళంన్నర కంటే కాస్త తక్కువ వెడల్పున రెండు రెక్కలూ ఒకే కొలతకు కత్తిరించండి. రెండిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి సూదితో ఒకేసారి రంధ్రాలు చేస్తే పుల్లలు వంకర పోవు. రెండు రెక్కల మధ్య అంగుళంన్నర ఎడం ఉండేలా ఒక్కో వైపు నాలుగు పుల్లలు నిలబెట్టి, వాటి మధ్య దారాన్ని ఏటవాలుగా లాగి కట్టండి. అసలు విమానంలో ఇవి ఉక్కు తీగలు. రెక్కలేమో కర్ర చట్రం మీద బట్ట తొడిగి కుట్టినవి. బ్రిటన్ కర్మాగారాల్లో ఆ బట్ట కుట్టిన చేతులు ఎక్కువగా ఆడవాళ్లవే. సూది పని మనకు కొత్తా?

అతుకుల దగ్గర చింతగింజల పిండి ఉడికించి, రంపపు పొట్టు కలిపిన మక్కు పూయండి. ఆరాక సుద్ద పూత. రంగు మాత్రం దారాలు కట్టకముందే వెయ్యాలి. పైన ముదురు ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగు, అడుగున మీగడ రంగు. రెక్కల మీద ఎరుపు, తెలుపు, నీలం వలయాలు, నీలం బయటికి వస్తుంది. కోటు గుండీలు చక్రాలవుతాయి.

ఇక నేల

పలక మీద మక్కు పరిచి, తడిగా ఉండగానే టీపొడి, ఆకుపచ్చ రంగద్దిన రంపపు పొట్టు చల్లండి. అది ఫ్రాన్సులోని పచ్చిక మైదానం. పంచె ముక్కను గంజిలో ముంచి పుల్లల మీద ఆరబెడితే విమానాల డేరా. బెండుతో నలుగురు మనుషుల్ని చెయ్యండి. ముగ్గురు పనివాళ్లు విమానం చుట్టూ ఉంటారు. నాలుగోవాడు తలెత్తి ఆకాశం వైపు చూస్తూ ఉంటాడు.

విమానం పక్కనే మరో విమానం పట్టేంత చోటు ఖాళీగా వదలండి. అక్కడ గడ్డిలో చక్రాల గుర్తులు, చక్రాలకు అడ్డం పెట్టే రెండు చెక్క ముక్కలు మాత్రం ఉంచండి. “ఇక్కడి విమానం ఏదమ్మా?” అని పిల్లవాడు తప్పకుండా అడుగుతాడు. వెళ్లింది, తిరిగి రాలేదు అని చెప్పండి. బాంబులు పడిన ఊళ్లలోనూ అమ్మలూ పిల్లలూ ఉంటారని చెప్పండి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మన విశాఖపట్నం, కాకినాడల మీదా బాంబులు వేశాయన్న సంగతి కూడా అప్పుడే చెప్పవచ్చు.

ఇంకొక్క మనిషి మిగిలాడు. నిజాంగారి ఖజానాలోకి సొమ్ము ఊరికే రాలేదు, అందులో రైతు కట్టిన శిస్తు ఉంది. ఆ రైతులు ఆ విమానాన్ని చూసి ఉండరు. ఫ్రాన్సు మైదానంలో తలపాగా రైతును నిలబెడితే అబద్ధమవుతుంది. కానీ కొలువుకు మెట్లున్నాయి కదా! విమానాన్ని పై మెట్టు మీద పెట్టి, సరిగ్గా దాని కింది మెట్టు మీద కొండపల్లి రైతునూ ఎడ్లబండినీ పెట్టండి. పేరంటానికి వచ్చిన వాళ్లు రెండూ చూసి ఈ రైతుకీ ఆ విమానానికీ ఏమిటి సంబంధం అని అడిగితే, జవాబు మీ పిల్లవాడి చేతే చెప్పించండి.