ఒకటో తరగతికి ‘ఆన్‌బోర్డింగ్’ ఎవరు చేస్తారు?

మా ఐటీ కంపెనీల్లో కాలేజీ నుంచి నేరుగా వచ్చిన ఫ్రెషర్‌ని మొదటిరోజే లైవ్ ప్రాజెక్టులో పడేయరు. కొన్ని వారాల ట్రైనింగ్ ఉంటుంది. పక్కన కూర్చుని చెప్పడానికి ఒక సీనియర్ ఉంటారు. లాగిన్ అవ్వకపోతే ఎవరిని అడగాలో కూడా ముందే చెప్తారు. ఇరవై రెండేళ్లొచ్చి, చేతిలో డిగ్రీ ఉన్న మనిషికే ఇంత ఏర్పాటు. మరి అయిదారేళ్ల పిల్లకి?

జూన్‌లో ఒక పొద్దున తల దువ్వి, బ్యాగు తగిలించి, బడి గేటు దగ్గర వదిలేసి వస్తాం. లోపలంతా కొత్త. కొత్త టీచర్, కొత్త పిల్లలు, బెల్లు, వరుసలు, ఒక్కోసారి ఇంట్లో ఎప్పుడూ వినని భాష. వారం తిరగకుండానే ‘మీ పాప ఏం అడిగినా పలకదండీ’ అని కబురు. అక్కడి నుంచి ఆ పిల్ల ‘డల్’ అయిపోతుంది. ఆ మాట ఒక్కసారి అంటుకుంటే పదో తరగతి దాకా వదలదు.

ఈ ముద్ర పడకుండా ఆపొచ్చు. దానికి కోట్లు అక్కర్లేదు. కావాల్సింది తల్లిదండ్రులు, అంగన్‌వాడీ, బడి, ఊళ్లో ఉన్న నాలుగు కుర్రచేతులు ఒక చోటికి రావడం. ఆ నాలుగు చేతుల్లో రెండు మీవి కావొచ్చు కాబట్టే ఈ కథనం.

‘రెడీ’ అంటే ఏంటి?

ఎవరినైనా అడగండి, ‘అ నుంచి బండి ర దాకా వచ్చు, ఏబీసీడీలు వచ్చు, వంద వరకు ఒప్పజెప్తాడు’ అంటారు. మన లెక్కలో బడికి సిద్ధం కావడమంటే అదే. మూడేళ్లకే పలక మీద దిద్దించడం మొదలెడతాం. పెన్సిలు పట్టే వేళ్లలో ఇంకా బలమే రాలేదు, నాలుగు గీతల పుస్తకం మాత్రం కొనేస్తాం.

పిల్లల చదువు గురించి పనిచేసేవాళ్లు చూసేది వేరు. ఒంటరిగా కాసేపు కూర్చోగలదా? చెప్పిన రెండు పనులు వరుసగా చేయగలదా? తనకి ఏం కావాలో నోరు తెరిచి అడుగుతుందా? కథ విని, తర్వాత ఏమైందో చెప్పగలదా? పెద్దది–చిన్నది, ఎక్కువ–తక్కువ, ముందు–వెనక తెలుసా? పక్క పిల్లతో బొమ్మ పంచుకోగలదా? శరీరం, బుద్ధి, భాష, లెక్కల మొదటి భావనలు, నలుగురితో కలవడం... ఈ అయిదూ కలిస్తేనే సంసిద్ధత.

2007లో గ్రెగ్ డంకన్, ఆయన సహచరులు అమెరికా, బ్రిటన్, కెనడాల్లోని ఆరు పెద్ద అధ్యయనాల డేటాని కలిపి చూశారు. బడిలో చేరేటప్పుడు పిల్లలకి ఉన్న ఏ నైపుణ్యం తర్వాతి చదువుని ఎక్కువగా సూచిస్తోంది? మొదటి స్థానం లెక్కల భావనలది. ఆ తర్వాత భాష, ఆ తర్వాత ఏకాగ్రత. లెక్కలు అనగానే ఎక్కాలు బట్టీ పట్టించకండి. అయిదు చింతపిక్కలు, మూడు చింతపిక్కలు పక్కపక్కన పెడితే ఏ కుప్పలో ఎక్కువున్నాయో చెప్పడం, ఎన్ని ఎక్కువో వేలు పెట్టి చూపించడం... ఆ వయసుకి అదే గణితం.

అంతకంటే పాతది అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగం. పేద నల్లజాతి కుటుంబాల నుంచి 123 మంది పిల్లల్ని తీసుకుని, అందులో 58 మందికి మంచి ప్రీస్కూల్ అందించారు. టీచర్లు వారానికోసారి ఇంటికెళ్లి తల్లితో గంటన్నర గడిపేవారు. ఆ పిల్లల్ని నలభై ఏళ్ల వయసు వచ్చేదాకా గమనించారు. ప్రీస్కూల్‌కి వెళ్లినవాళ్లలో హైస్కూల్ పూర్తిచేసినవాళ్లు ఎక్కువ, సంపాదన ఎక్కువ, అరెస్టులు తక్కువ. ఇందులో నాకు బాగా నచ్చింది ఆ గంటన్నర. తరగతి గదితో ఆగిపోకుండా ఇంటి గడప కూడా తొక్కారు.

మన దగ్గర సంగతి

మనవాళ్ల మీదా ఒక పెద్ద అధ్యయనం జరిగింది. అసర్ సెంటర్, ఢిల్లీ అంబేద్కర్ యూనివర్సిటీ కలిసి, యునిసెఫ్ తోడ్పాటుతో రాజస్థాన్, అస్సాం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లలో సుమారు 14,000 మంది పిల్లల్ని నాలుగో ఏట నుంచి ఎనిమిదో ఏట దాకా వెంబడించి చూశారు. 2017లో రిపోర్టు వచ్చింది. అందులో మూడు విషయాలు మనకి ముఖ్యం.

ఒకటి, పిల్లలు కాగితం మీద రాసినట్టు నడవరు. అంగన్‌వాడీ, తర్వాత ఒకటో తరగతి అనే గీత ఎక్కడో తెగిపోతుంది. ఒక ఏడాది అంగన్‌వాడీ, మధ్యలో ప్రైవేటు నర్సరీ, మళ్లీ ప్రభుత్వ బడి... అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. రెండు, అయిదేళ్లకి ఉండాల్సిన సంసిద్ధత చాలామందిలో లేదు. మూడు, అది ఉన్న పిల్లలు తర్వాతి తరగతుల్లోనూ మెరుగ్గా నేర్చుకున్నారు. ఇంకో మాట కూడా ఉంది. ఫీజు కట్టినంత మాత్రాన సంసిద్ధత రాదు. ప్రైవేటు ప్రీస్కూళ్లలో ఎక్కువగా కనిపించింది బట్టీ, కాపీ రాయించడమే.

ఇక అంగన్‌వాడీ. 1975 అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో మొదలైన పథకం ఇప్పుడు దేశమంతటా దాదాపు 14 లక్షల కేంద్రాలకి పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా ఉన్నాయి. మీ ఇంటికి నడిచివెళ్లే దూరంలో ఒకటి కచ్చితంగా ఉంటుంది. లోపలికి ఎప్పుడైనా వెళ్లారా?

వెళ్లి టీచరమ్మ పని చూడండి. పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆసుపత్రికి పంపడం, తల్లులకు సలహాలు, ప్రీస్కూల్ చదువు... మొత్తం ఆరు సేవలు. గర్భిణులు, బాలింతలు, పుట్టిన బిడ్డ నుంచి ఆరేళ్ల పిల్ల దాకా అందరూ ఆమె లెక్కలోకే వస్తారు. గుడ్లు లెక్కపెట్టాలి, బరువులు తూచాలి, రిజిస్టర్లు నింపాలి, 2021 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించాలి. ఇన్ని అయ్యాక మిగిలిన టైమే ఆటపాటలకి. ఆరు సర్వీసులకి ఒకే సర్వర్ పెడితే ఏది ముందు స్లో అవుతుందో మాలాంటివాళ్లకి బాగా తెలుసు. ఎవరూ టికెట్ రెయిజ్ చేయనిదే స్లో అవుతుంది. గుడ్డు రాకపోతే అడిగే తల్లి ఉంది. ఇవాళ కథ చెప్పలేదేమని అడిగేవాళ్లు లేరు.

వేసవిలో ఒక మేళా

2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశగా చూడమంది. 2021లో ఎన్‌సీఈఆర్‌టీ ‘విద్యా ప్రవేశ్’ పేరుతో ఒకటో తరగతి మొదట్లో 12 వారాల ఆటల కార్యక్రమం తయారుచేసింది. అంటే ఆన్‌బోర్డింగ్ డాక్యుమెంట్ రెడీగానే ఉంది. అయితే ఆ మొదటి రోజు కంటే ముందున్న రెండు నెలల వేసవి సంగతేంటి?

ఈ ఖాళీని మహారాష్ట్ర బాగా పట్టుకుంది. 2022లో అక్కడి ప్రభుత్వం ‘ప్రథమ్’ సంస్థతో కలిసి ‘పహిలే పావుల్’ అని నడిపింది. మరాఠీలో మొదటి అడుగు అని అర్థం. వేసవి ముందు బడి ఆవరణలో ఒక మేళా పెడతారు. ఒకటో తరగతిలో చేరబోయే పిల్లలు తల్లితో వస్తారు. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో ఆట: గీత మీద నడవడం, ఆకుల్ని రంగుల వారీగా వేరుచేయడం, బొమ్మ చూసి మాట్లాడటం, గింజలు లెక్కపెట్టడం. పిల్ల తనంతట తాను చేస్తోందా, సాయం కావాలా అని ఒక కార్డు మీద రాసి తల్లి చేతికే ఇస్తారు. మార్కులు, ర్యాంకులు ఉండవు.

అసలు పని అక్కడే మొదలవుతుంది. ఒకే వీధిలో ఉండే నాలుగైదుగురు తల్లులు ఒక గుంపుగా ఏర్పడతారు. వారం వారం వాట్సాప్‌లో చిన్న చిన్న ఐడియాలు వస్తాయి. తల్లులు ఇంట్లో పని చేసుకుంటూనే అవి పిల్లలతో చేయిస్తారు. బడి తెరిచాక రెండో మేళా పెట్టి, పిల్ల ఎంత ముందుకొచ్చిందో అదే కార్డులో చూస్తారు. చదువురాని తల్లి కూడా బఠాణీలు ఒలుస్తూ లెక్కలు చెప్పగలదని ఆమెకే తెలిసొస్తుంది. ఆ నమ్మకం వచ్చిన తల్లి బడి గేటు దగ్గర ఆగిపోదు, లోపలికొచ్చి అడుగుతుంది.

మీ వీధిలో ఎలా?

ఇదంతా ప్రభుత్వం చేయాలిగా అంటారా? చేయాలి. అయితే అంగన్‌వాడీల్లో నెలకోసారి ఈసీసీఈ డే అని ఇప్పటికే ఉంది. తల్లిదండ్రుల్ని పిలిచి పిల్లలు ఏం నేర్చుకున్నారో చూపించే రోజు. జూన్‌లో తెలంగాణలో బడిబాట పేరుతో టీచర్లు ఇంటింటికీ తిరుగుతారు. కొత్తగా కనిపెట్టాల్సిందేం లేదు. ఉన్నవాటికి మనుషుల్ని కలపాలంతే.

మొదట టీచరమ్మ దగ్గరికి వెళ్లండి. ‘మేం మీకు నేర్పడానికి రాలేదమ్మా, మీకు ఏ రోజు చెయ్యి కావాలో చెప్పండి’ అనండి. ఈ మాట చాలా ముఖ్యం. బయటినుంచి వచ్చి ఫొటోలు దిగి వెళ్లినవాళ్లని ఆమె ఇప్పటికే చాలామందిని చూసి ఉంటుంది.

తర్వాత మేళాకి ఒక ఆదివారం. ఆరు బల్లలు, పన్నెండు మంది వాలంటీర్లు, ఇరవై ముప్పై మంది పిల్లలు చాలు. సామాను అంతా ఇంట్లోదే: చింతపిక్కలు, సీసా మూతలు, పాత క్యాలెండర్ బొమ్మలు, చెరిగిపోయే ముగ్గు, దారం, పెద్ద పూసలు, ఒక బంతి. చిన్న పిల్లలు నోట్లో పెట్టుకోకుండా గింజల బల్ల దగ్గర ఒక పెద్ద మనిషి తప్పనిసరి. తండ్రుల్ని కూడా పిలవండి. ‘అమ్మ వస్తుందిలే’ అనే చోట ‘మీరూ రావాలి అన్నా’ అని గట్టిగా చెప్పండి. తాతలు, నానమ్మలు వస్తే వాళ్లకి కథల బల్ల అప్పగించండి. వాళ్లని మించిన కంటెంట్ క్రియేటర్లు లేరు.

చేయకూడనివి మూడు. పిల్లల ఫొటోలు, వీడియోలు స్టేటస్‌లో పెట్టొద్దు. పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చొద్దు. ఒక్కరోజు చేసి మాయమవ్వొద్దు. అసలు బలం ఆ తర్వాతి ఎనిమిది వారాల్లో ఉంది. వారానికి ఒక వాయిస్ మెసేజ్ చాలు, రెండు నిమిషాలు మించకూడదు. చదవడం రానివాళ్లకి టెక్స్ట్ కంటే గొంతే మేలు. ‘వదినా, ఈ వారం బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు పాపని పక్కన కూర్చోబెట్టుకోండి, ఎన్ని దొరికాయో ఆమెనే లెక్కపెట్టమనండి’. అంత సింపుల్‌గా.

మన ఆటలే సిలబస్

నిజానికి మన పెద్దలు ఈ సిలబస్ ఎప్పుడో రాసిపెట్టారు, పేరు మాత్రం పెట్టలేదు. వామనగుంటల్లో గింజలు ఒక్కొక్కటే వేసుకుంటూ పోతే అది లెక్క. అష్టాచెమ్మాలో తన వంతు వచ్చేదాకా ఆగడం నిగ్రహం. చెమ్మచెక్కలో చేయి, పాట కలవడం లయ, శరీరం మీద పట్టు. పొడుపుకథ విప్పడం ఆలోచన. గుజ్జనగూళ్లలో ‘నువ్వు అమ్మ, నేను కోమటి’ అని పాత్రలు పంచుకోవడం భాష, స్నేహం రెండూ. ఫోన్‌లోని రైమ్స్ వీడియో వీటిలో ఒక్కటీ చేయలేదు. ఎందుకంటే అది పిల్ల జవాబు కోసం ఆగదు. మనిషి ఆగుతాడు.

ఇక భాష. ఆదిలాబాద్‌లో గోండి, భద్రాద్రి కొత్తగూడెంలో కోయ, పార్వతీపురం మన్యంలో సవర మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చే పిల్లకి తెలుగే పరాయి భాష. ఇంగ్లిష్ మీడియం అయితే రెండో గోడ. ఆమెకి లెక్క తెలుసు, కథ తెలుసు. మనం అడిగే భాష తెలియదు, అంతే. అలాంటి చోట మేళాలో ప్రతి బల్ల దగ్గరా ఆ భాష వచ్చిన ఊరి అమ్మాయో, అబ్బాయో కూర్చోవాలి. లేకపోతే కార్డులో మనం రాసేది పిల్ల సామర్థ్యం కాదు, మన అజ్ఞానం.

బడి కూడా సిద్ధం కావాలి

యునిసెఫ్ ఈ విషయాన్ని మూడు ముక్కల్లో చెప్తుంది: సిద్ధమైన పిల్లలు, సిద్ధమైన కుటుంబాలు, సిద్ధమైన బడులు. మూడోదాన్ని మనం మర్చిపోతాం. పిల్ల ఎంత సిద్ధమైనా, మొదటిరోజే వర్క్‌బుక్ ముందుపెట్టి అరిస్తే అన్నీ పోతాయి. అందుకే మేళా కార్డు కాపీ ఒకటో తరగతి టీచర్‌కి చేరాలి. వేసవిలోనే ఒకసారి పిల్లల్ని ఆ గదికి తీసుకెళ్లి కుళాయి ఎక్కడ, బాత్రూమ్ ఎక్కడ, తమ టీచర్ ఎవరో చూపించాలి. సగం ఏడుపు అక్కడే తగ్గుతుంది.

మన రాష్ట్రాల్లో బడులు సాధారణంగా జూన్ రెండో వారంలో తెరుస్తారు. అంటే ఏప్రిల్‌లో మొదటి మేళా, మే అంతా వాయిస్ మెసేజ్‌లు, జూన్‌లో రెండో మేళా. ఈ ఆదివారం చేయాల్సింది ఒక్కటే. మీ వీధి అంగన్‌వాడీ ఎక్కడుందో కనుక్కుని, సోమవారం ఆఫీసుకెళ్లే ముందు పది నిమిషాలు అక్కడ ఆగండి. ఈ ఏడాది ఒకటో తరగతికి వెళ్లబోయే పిల్లలు ఎంతమందో టీచరమ్మని అడగండి. ఆ సంఖ్య మీ ఫోన్‌లో నోట్ చేసుకోండి. పేర్లు తర్వాత తెలుస్తాయి.