గ్యాసు లెక్క ముందే కట్టాలి

పైపులైను బిగించగానే మా కుర్రాళ్లు అడుగుతారు: "మేస్త్రీగారూ, టెస్టింగుకి నైట్రోజన్ ఎన్ని సిలిండర్లు?"

లోపలి వ్యాసం 100 మిల్లీమీటర్లు, పొడవు 200 మీటర్లు అనుకోండి. లోపల 1,570 లీటర్ల చోటుంటుంది. గేజీలో 7 బార్ చూపాలంటే దానికి ఏడింతలు, సుమారు 11 ఘనపు మీటర్ల గ్యాసు ఎక్కించాలి. 150 బార్‌తో నిండిన 47 లీటర్ల సిలిండర్‌లో ఉండేది 7 ఘనపు మీటర్లు. అదంతా పైపులోకి రాదు, చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. సిలిండర్ ఒత్తిడి పైపు ఒత్తిడికి దిగిందంటే గ్యాసు ఇక కదలదు. రెగ్యులేటర్‌కి కాస్త వదిలితే చేతికొచ్చేది ఆరున్నరే.

లెక్కకి రెండు చాలు. నేను మూడు తెప్పిస్తాను. ముందు ఒక బార్ దగ్గర ఆపి, ప్రతి ఫ్లాంజికీ సబ్బునీళ్లు పూయిస్తాను. బుడగలు పొంగితే గ్యాసు వదిలేసి, గాస్కెట్ మార్చి, మళ్లీ ఎక్కించాల్సిందే. అప్పుడు పోయేది ఒకటిన్నర ఘనపు మీటర్లే. 7 బార్ దాకా పోయాక బయటపడితే మొత్తం పోతుంది, మనిషికీ ప్రమాదం.

మధ్యాహ్నం 40 డిగ్రీలున్న పైపు రాత్రికి 30కి చల్లబడితే గేజీ పావు బార్ తగ్గుతుంది. అది లీకు కాదు.

నైట్రోజన్ అయిపోయిందని ఆక్సిజన్ తగిలించబోతే మాత్రం ఊరుకోను. లోపల నూనె జిడ్డుంటే పేలిపోతుంది.