అరబ్బీ ఇంటిపేరు ‘అల్-అందలుసీ’: పుట్టుక, వ్యాప్తి, నేటి విరళత

వ్యాససంగ్రహం

అరబ్బీ భాషలో ‘అల్-అందలుసీ’ అంటే అందలుస్ దేశానికి చెందినవాడు అని అర్థం. ఐబీరియా ద్వీపకల్పంలో సుమారు ఎనిమిది శతాబ్దాలు సాగిన ముస్లిం పాలనకూ, అక్కడి నుండి జరిగిన వలసలకూ ఈ పేరు గుర్తు. ఆ వలసదారుల సంతతి ఉత్తర ఆఫ్రికాలో నేటికీ ఉంది. ఇంటిపేరుగా ‘అందలుసీ’ మాత్రం అరుదైపోయింది. ఈ పేరు ఏ అవసరం నుండి పుట్టిందో, ఆ అవసరం ఎలా తీరిపోయిందో ఈ వ్యాసం వివరిస్తుంది. పేరు అరుదైనంత మాత్రాన వంశం అరుదైనట్లు కాదన్న విషయాన్ని నిరూపించి, తెలుగు ఇంటిపేర్ల పరిశోధనకు దీని అన్వయాన్ని సూచిస్తుంది.

కీలకపదాలు: నిస్బా, అందలుస్, మోరిస్కోలు, వలస, ఇంటిపేరు, ఔపవిభక్తికం.

1. ఉపోద్ఘాతం

జనసమూహాల చరిత్రను తెలుసుకోవడానికి పేర్లు విలువైన ఆధారాలు. శాసనాలు, కైఫీయత్తులు మౌనం వహించిన చోట కూడా ఒక ఇంటిపేరు వలస దారిని చూపగలదు. అయితే ఈ ఆధారాన్ని చదవడంలో ఒక చిక్కు ఉంది. ఒక పేరు నేడు అరుదుగా కనిపిస్తే, దాన్ని ధరించిన వంశాలు అంతరించాయనో, మొదటినుండీ కొద్దిమందేననో తీర్మానించడం పరిపాటి.

ఈ తీర్మానం ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించడానికి ‘అల్-అందలుసీ’ తగిన ఉదాహరణ. 1609–1614 సంవత్సరాల మధ్య స్పెయిన్ నుండి బహిష్కృతులైనవారే సుమారు మూడు లక్షల మంది. వారిలో అధికులు ఉత్తర ఆఫ్రికా తీరానికి చేరారు. అంతకుముందు శతాబ్దాలలో విడతలు విడతలుగా వెళ్లినవారు వీరికి అదనం. అయినా మొరాకో, అల్జీరియా, తునీసియాలలో ‘అందలుసీ’ అనే ఇంటిపేరు విస్తారంగా కనిపించదు. మనుషులు ఉండగా పేరు ఎందుకు తరిగింది అన్నదే ఇక్కడి ప్రశ్న.

2. అరబ్బీ పేరులో నిస్బా స్థానం

సంప్రదాయ అరబ్బీ పేరులో ప్రధానంగా ఐదు భాగాలుంటాయి. పుట్టినప్పుడు పెట్టిన పేరు ‘ఇస్మ్’. ‘అబూ’, ‘ఉమ్మ్’ పదాలతో సంతానాన్ని బట్టి ఏర్పడేది ‘కున్యా’. ‘ఇబ్న్’, ‘బింత్’ పదాలతో తండ్రితాతలను వరుసగా చెప్పేది ‘నసబ్’. బిరుదు ‘లకబ్’. వ్యక్తికి ఒక తెగతోనో, ఊరితోనో, దేశంతోనో, వృత్తితోనో ఉన్న సంబంధాన్ని తెలిపేది ‘నిస్బా’. నిస్బా అన్న మాటకే సంబంధం అని అర్థం.

వ్యాకరణ దృష్టిలో నిస్బా ఒక తద్ధితం. నామవాచకం చివర ‘ఇయ్య్’ అనే ప్రత్యయం చేరి విశేషణం ఏర్పడుతుంది. వాడుకలో అది దీర్ఘ ఈకారంగా వినిపిస్తుంది. స్త్రీవాచకంలో అదే ‘ఇయ్య’ అవుతుంది. 8వ శతాబ్దికి చెందిన వ్యాకర్త సీబవైహి ఈ ప్రత్యయాన్ని ప్రత్యేక ప్రకరణంలో చర్చించాడు. 12వ శతాబ్దిలో అస్-సమ్‌ఆనీ (1113–1166) నిస్బాలను అకారాది క్రమంలో కూర్చి ‘కితాబ్ అల్-అన్సాబ్’ రచించాడు. పేర్లలోని ఈ ఒక్క భాగానికే ఒక బృహన్నిఘంటువు అవసరమైందంటే ఆ సమాజంలో ప్రయాణాలకు, వలసలకు ఉన్న ప్రాధాన్యం తెలుస్తుంది.

నిస్బా ఆధునికార్థంలో ఇంటిపేరు కాదు. ఒకే మనిషికి రెండు మూడు నిస్బాలు ఉండవచ్చు. వాటిని చెప్పేటప్పుడు పెద్ద ప్రాంతాన్ని ముందు, ఊరిని తరవాత పేర్కొనడం ఒక పద్ధతి. మనిషి ఒక ఊరి నుండి మరొక ఊరికి మారితే, చరిత్రకారులు రెండు నిస్బాల మధ్య ‘సుమ్మ’ (పిమ్మట) అనే పదాన్ని ఉంచి ఆ మార్పును సూచించేవారు. అంటే నిస్బా స్థిరమైన వారసత్వం కాదు. జీవితంతోపాటు మారే గుర్తింపు అది.

3. అందలుస్: ప్రదేశం, పదం

711లో ముస్లిం సేనలు ఐబీరియా ద్వీపకల్పంలో ప్రవేశించాయి. సుమారు 716 నాటి ద్విభాషా నాణెం మీద ఒక వైపు లాటిన్‌లో ‘స్పానియా’ అనీ, మరొక వైపు అరబ్బీలో ‘అల్-అందలుస్’ అనీ ఉంది. ఈ పదం వాండల్ జాతి పేరు నుండి వచ్చిందన్న పాత వాదం ప్రసిద్ధమే అయినా, దాన్ని నేటి పండితులందరూ అంగీకరించడం లేదు.

ఇక్కడ ఒక భ్రమను తొలగించాలి. అందలుస్ అంటే నేటి స్పెయిన్‌లోని అందలూసియా రాష్ట్రం మాత్రమే కాదు. ముస్లిం పాలనలో ఉన్న ఐబీరియా భూభాగం అంతా అందలుసే. తొలి రోజులలో సరగోసా, తొలేదో, లిస్బన్ కూడా అందులోనివే. 1085లో తొలేదో, 1236లో కొర్దోబా, 1248లో సెవీయా క్రైస్తవ రాజుల వశం కాగా, 1492 నాటికి గ్రనాదా ఒక్కటే మిగిలి, అదీ లొంగిపోయింది. హద్దులు ఇలా కుంచించుకుపోతూ వచ్చిన దేశం పేరు మీద ఏర్పడిన నిస్బా ఇది.

4. దూరాన్ని బట్టి ఏర్పడే పేరు

అందలుస్‌లో అందరూ అందలుసీలే. కనుక అక్కడ ఆ పేరు ఎవరినీ ప్రత్యేకంగా గుర్తించదు. ఆ దేశంలో మనిషిని మనిషి నుండి వేరుచేసినవి ఊరి నిస్బాలు: కొర్దోబావాడు ‘అల్-కుర్తుబీ’, సెవీయావాడు ‘అల్-ఇష్బీలీ’, గ్రనాదావాడు ‘అల్-గర్నాతీ’, ముర్సియావాడు ‘అల్-ముర్సీ’. సముద్రం దాటి కైరోకో, డమాస్కస్‌కో చేరినప్పుడు అక్కడివారికి ఆ చిన్న ఊళ్ల పేర్లు అంతగా పట్టవు. అప్పుడు ‘అందలుసీ’ అవసరమవుతుంది.

13, 14 శతాబ్దాల వ్యాకర్తల పేర్లే ఇందుకు నిదర్శనం. వెయ్యి పద్యాల వ్యాకరణం ‘అల్ఫియ్య’ రచించిన ఇబ్న్ మాలిక్ హయేన్ నగరంలో పుట్టి 1274లో డమాస్కస్‌లో మరణించాడు. ఆయనకు ‘అల్-జయ్యానీ’, ‘అల్-అందలుసీ’ అనే రెండు నిస్బాలూ ఉన్నాయి. గ్రనాదాలో 1256లో పుట్టిన అబూ హయ్యాన్ 1344లో కైరోలో మరణించాడు. అరబ్బీ వ్యాకరణంతోపాటు తురుష్క భాషకూ వ్యాకరణం రాసిన ఈ పండితుడు ‘అల్-గర్నాతీ’గానూ, ‘అల్-అందలుసీ’గానూ ప్రసిద్ధుడు.

దీనికి అపవాదాలుగా కనిపించేవి లేకపోలేదు. జాతుల విద్యాచరిత్ర రాసి, శాస్త్రవిద్యలను పోషించిన జాతులలో భారతీయులను మొదట నిలిపిన సాయిద్ అల్-అందలుసీ (1029–1070) తొలేదోలోనే న్యాయాధికారిగా ఉన్నాడు. ఇబ్న్ హజ్మ్‌ (994–1064) పేరు చివరా ‘అల్-అందలుసీ’ చేరుతుంది. ఇక్కడ దూరం నడిచింది మనిషి కాదు, గ్రంథం. అందలుస్ వెలుపలి పాఠకునికి రచయిత దేశాన్ని తెలిపేది ఈ నిస్బాయే. మనిషి వెళ్లినా, గ్రంథం వెళ్లినా సూత్రం ఒక్కటే: ‘అందలుసీ’ అన్నది సొంత దేశంలో కాక పరదేశంలో పనికివచ్చే పేరు.

5. స్పెయిన్‌లో పేర్ల నిషేధం

1502లో కాస్తీలు రాజ్యంలో, 1526లో ఆరగాన్‌లో ముస్లిములు మతం మారక తప్పని స్థితి ఏర్పడింది. అలా మారినవారే మోరిస్కోలు. బాప్తిస్మంతోపాటు వారికి క్రైస్తవ నామాలు వచ్చాయి. 1567లో రెండవ ఫిలిప్పు ప్రభుత్వం గ్రనాదాలో ప్రకటించిన శాసనం అరబ్బీ భాషను, వేషధారణను, స్నానశాలలను, అరబ్బీ పేర్లను నిషేధించింది.

ఆ శాసనాన్ని వ్యతిరేకిస్తూ ఫ్రాన్సిస్కో నున్యెజ్ మూలే అనే వృద్ధ మోరిస్కో ప్రముఖుడు అధికారులకు ఒక విజ్ఞాపన సమర్పించాడు. ఆయన వాదాలలో ఒకటి పేర్లకు సంబంధించినది. పాత పేర్లు పోతే ఎవరు ఎవరో తెలియదనీ, మనుషుల ఆనవాళ్లూ వంశాలూ నశిస్తాయనీ ఆయన హెచ్చరించాడు. ఆయన పేరులోని ‘మూలే’ కూడా ‘నా ప్రభువు’ అనే అర్థంగల అరబ్బీ ‘మౌలాయ్’ పదానికి స్పానిష్ రూపమే. విజ్ఞాపన ఫలించలేదు. 1568లో తిరుగుబాటు చెలరేగింది. దాని నాయకుడు ఫెర్నాందో దె వాలోర్ మొదట చేసిన పనులలో ఒకటి తన పేరు మార్చుకోవడం. కొర్దోబాను ఏలిన ఉమయ్యద్ వంశాన్ని స్మరింపజేస్తూ అతడు ‘ఇబ్న్ ఉమయ్య’ అయ్యాడు. 1571 నాటికి తిరుగుబాటు అణగింది. గ్రనాదా మోరిస్కోలు కాస్తీలు ప్రాంతాలకు చెదరగొట్టబడ్డారు.

ఈ నిషేధానికి ఊహించని ఫలితం మరొకటి ఉంది. 1609 తరవాత ఉత్తర ఆఫ్రికా చేరిన మోరిస్కోలు పలు తరాలుగా స్పానిష్ పేర్లు మోసినవారు. వారిలో కొందరి ఇంటిపేర్లు అరబ్బు సమాజంలోనూ నిలిచాయి. రబాత్ నగరంలోని ‘బర్గాష్’ స్పానిష్ ‘వర్గాస్’కు రూపాంతరం. తెతువాన్‌కు చెందిన మొరాకో జాతీయోద్యమ నాయకుడు అబ్దుల్ ఖాలిక్ తోర్రెస్ (1910–1970) ఇంటిపేరు మార్పేమీ లేని స్పానిష్ పదం. అందలుస్ మూలాన్ని చాటవలసిన అరబ్బీ పేరు మరుగున పడగా, ఆ పని స్పానిష్ పేర్లు చేస్తున్నాయి.

6. ఉత్తర ఆఫ్రికాలో పేరు కరిగిన తీరు

నిషేధం స్పెయిన్‌కు సంబంధించినది. స్వేచ్ఛ ఉన్న ఉత్తర ఆఫ్రికాలో పేరు తరగడానికి వేరే కారణాలున్నాయి.

మొదటిది, సమూహంగా స్థిరపడడం. 818లో కొర్దోబా శివారులో తిరుగుబాటు విఫలమై బహిష్కృతులైనవారిలో ఒక భాగం ఫెస్ నగరం చేరింది. నదికి ఒక ఒడ్డు ‘అందలుసీల ఒడ్డు’ అయింది. ఎదుటి ఒడ్డు కైరవాన్ నుండి వచ్చినవారి పేరుతో ‘కరవియ్యీన్’ అయింది. రెండూ నిస్బాల బహువచనాలే. అలాగే తునీసియాలోని తెస్తూర్ మోరిస్కోలు నిర్మించుకున్న పట్టణం. ఊరూ వాడా అందలుసీలదే అయినప్పుడు ఒక్కొక్క ఇంటికి ఆ పేరు అనవసరం. అది మనిషి నుండి పేటకు, పట్టణానికి బదిలీ అయింది.

రెండవది, తరవాతి వలస. ఫెస్ నగరపు ప్రసిద్ధ పండితవంశం ‘అల్-ఫాసీ’ దీనికి చక్కని ఉదాహరణ. ఈ వంశీయులు అందలుస్ నుండి ఫెస్‌కు వచ్చారు. వారిలో ఒక శాఖ అక్కడి నుండి అల్-కస్ర్ అల్-కబీర్ పట్టణానికి వెళ్లింది. ఫెస్ నుండి వచ్చినవారు గనుక అక్కడివారు వారిని ‘ఫాసీ’లన్నారు. ఆ శాఖలో పుట్టిన అబుల్ మహాసిన్ యూసుఫ్ (మ. 1604) తిరిగి ఫెస్ చేరాడు. ఫెస్‌లో ఫాసీ అనే పేరు అర్థరహితమైనా, అప్పటికే అది వంశనామంగా గట్టిపడింది. మొరాకో జాతీయ నాయకుడు అల్లాల్ అల్-ఫాసీ (1910–1974) ఈ వంశంవాడే. వారి పేరు చెబుతున్నది చివరి మజిలీని. దాని వెనుక అందలుస్ దాగి ఉంది.

మూడవది, భేదం లోపించడం. కొర్దోబాలో పుట్టి 1204లో ఈజిప్టులో మరణించిన యూదు తత్త్వవేత్త మూసా ఇబ్న్ మైమూన్ హీబ్రూలో తన పేరు చివర ‘సెఫారదీ’ అని రాసుకునేవాడు. అందలుసీకి అది హీబ్రూ సమానార్థకం. ‘సెఫారదీ’ నేటికీ సజీవం. ఆరాధనాక్రమంలో, ఆచారంలో ఇతర యూదుల నుండి వేరైన ఒక సమాజానికి అది గుర్తుగా ఉపయోగపడింది. అందలుసీ ముస్లిములకూ ఉత్తర ఆఫ్రికా ముస్లిములకూ మాలికీ న్యాయశాఖ ఒక్కటే, మతభాష ఒక్కటే. పేరు కాపాడవలసిన గీత అక్కడ లేదు.

నాలుగవది, నమోదు. ఫ్రెంచి పాలకులు అల్జీరియాలో 1882 చట్టం ద్వారా స్థిరమైన ఇంటిపేర్లను తప్పనిసరి చేశారు. మారే స్వభావంగల పేరు అప్పుడు రిజిస్టరులో గడ్డకట్టింది. బహిష్కరణ జరిగి అప్పటికి రెండున్నర శతాబ్దాలు దాటాయి. ఆనాడు వాడుకలో ఉన్న పేరే శాశ్వతమైంది. అప్పటికే జారిపోయిన నిస్బాకు అందులో చోటు లేదు. నిలిచినచోట అది మొరాకోలో ‘అందలూసీ’గా, తునీసియాలో ‘లందుల్సీ’గా వినిపిస్తుంది.

ఇందుకు భిన్నంగా ‘ముర్సీ’ అనే ఊరి నిస్బా ఈజిప్టులో విస్తరించింది. ముర్సియాలో పుట్టి అలెగ్జాండ్రియాలో సమాధి అయిన సూఫీ గురువు అబుల్ అబ్బాస్ అల్-ముర్సీ పట్ల భక్తితో అక్కడి ప్రజలు పిల్లలకు ఆ పేరు పెట్టుకున్నారు. ఈజిప్టు మాజీ అధ్యక్షుడు ముహమ్మద్ ముర్సీ (1951–2019) పేరులోనిదీ ఇదే పదం. ఆ పేరు ధరించినవారందరి పూర్వులూ ముర్సియా నుండి వచ్చారనుకోవడం పొరపాటు. ‘ఫాసీ’ వెనుక అందలుస్ ఉంది. ‘ముర్సీ’ వెనుక అది ఉండనక్కరలేదు.

7. తెలుగు ఇంటిపేర్లతో పోలిక

తెలుగులో ఊరిపేరు మీద ఏర్పడిన ఇంటిపేర్లకూ నిస్బాకూ రూపంలోనూ ప్రయోజనంలోనూ పోలిక ఉంది. ‘కందుకూరు’ ఔపవిభక్తికమైన ఇకారంతో ‘కందుకూరి’ అవుతుంది. అరబ్బీ ఈకారంతో దీనికి చారిత్రక సంబంధం లేదు. భాషాకుటుంబాలు వేరు. అయినా రెండూ ‘ఆ ఊరికి చెందిన’ అనే ఒకే పని చేస్తాయి. కందుకూరి వీరేశలింగం (1848–1919) పుట్టింది రాజమహేంద్రవరంలో. కందుకూరులో ఊరందరూ కందుకూరివారే గనుక అక్కడ ఆ పేరు ఎవరినీ వేరుచేయదు. అది ఊరు దాటాకే సార్థకమవుతుంది.

నిస్బా పదాలు తెలుగు నేలకూ కొత్తవి కావు. పారసీ, ఉర్దూల మీదుగా వచ్చిన ‘ముల్కీ’ అరబ్బీ ‘ముల్క్’ (రాజ్యం) నుండి ఏర్పడినదే. హైదరాబాదు రాజ్యంలో ‘గైర్ ముల్కీ’లతో ఉద్యోగాల పోటీ ఏర్పడినప్పుడే ఆ మాటకు బలం వచ్చింది. 1952 నాటి ముల్కీ ఉద్యమం దాన్ని రాజకీయ పదంగా నిలిపింది. ఎదుట ఇతరుడు ఉన్నప్పుడే నిస్బాకు ప్రాణం.

8. ముగింపు

‘అల్-అందలుసీ’ విరళత ఒక జాతి అదృశ్యానికి లెక్క కాదు. స్పెయిన్‌లో శాసనం ఆ సమాజపు పేర్లను తొలగించింది. ఉత్తర ఆఫ్రికాలో ఆదరణ ఈ పేరును కరిగించింది. వలసదారుడు స్థానికుడైపోయిన చోట అతని పాత దేశాన్ని చాటే పేరు పని ముగిసింది. నేడు ఆ విశేషణం మనుషుల కంటే ఎక్కువగా సంగీతానికి, వాస్తుశైలికి వర్తిస్తున్నది.

తెలుగు ఇంటిపేర్ల ఆధారంగా వలసలను అధ్యయనం చేసే పరిశోధకులకు ఇందులో ఒక హెచ్చరిక ఉంది. ఒక ఇంటిపేరు ఎంతమందికి ఉందో లెక్కించడానికి ముందు, ఆ పేరు ఎక్కడ, ఎవరి నోట, ఎవరి నుండి వేరుచేయడానికి పుట్టిందో విచారించాలి. అది ఎప్పుడు రికార్డులలో స్థిరపడిందో చూడాలి. ఊరిపేరుగల ఇంటిపేరు చాలాసార్లు చివరి మజిలీనే చెబుతుంది, తొలి ఊరిని కాదు. ఈ విచారణ లేకుండా చేసిన లెక్కలో పేర్ల సంఖ్య తేలుతుందే గాని మనుషుల చరిత్ర తేలదు.