గీత తిన్నగా రాకపోయినా... కుంచె పట్టండి!

నిద్ర పట్టడం లేదు, గుండె దడగా ఉంటోంది, తలంతా బరువు... ఓపీలో రోజూ వినే మాటలివి. ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్ అన్నీ సరిగానే ఉంటాయి. ఇలా వచ్చేవారిలో ఈమధ్యే రిటైరైనవారు, పిల్లలు చదువులకో ఉద్యోగాలకో దూరం వెళ్లిపోయినవారు ఎక్కువ. వారికి నడకతో పాటు బొమ్మలు వేయడం కూడా ప్రయత్నించమని చెబుతుంటాను. వెంటనే వచ్చే జవాబు ఒక్కటే: ‘మాకు గీత కూడా తిన్నగా రాదు డాక్టరుగారూ. మేమేమైనా వడ్డాది పాపయ్యలమా?’

1921లో శ్రీకాకుళంలో పుట్టి, చందమామ ముఖచిత్రాలతో ఇంటింటికీ పరిచయమైన పాపయ్యగారు కూడా డ్రాయింగ్ మాస్టారైన తండ్రి దగ్గర నేర్చుకున్నవారే. అయినా ఆరోగ్యం కోసం అంత పనితనం అక్కర్లేదు.

రాకపోయినా మేలే

ఒత్తిడిలో మన శరీరం కార్టిసాల్ అనే హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తుంది. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 39 మంది పెద్దవాళ్లకు రంగు పెన్నులు, బంకమట్టి, కాగితం ముక్కలు ఇచ్చి 45 నిమిషాలు నచ్చింది చేయమన్నారు. ముందూ తర్వాతా లాలాజలం పరీక్షిస్తే, నాలుగింట మూడొంతుల మందిలో కార్టిసాల్ తగ్గింది. అలవాటున్నవారికీ, బొత్తిగా రానివారికీ పెద్ద తేడా కనిపించలేదు. 2016లో వెలువడిన ఈ అధ్యయనం చిన్నది. దీన్నిబట్టి బొమ్మలు జబ్బులు నయం చేస్తాయని చెప్పలేం. కానీ చేతకాదన్న భయంతో ఆగనక్కర్లేదని చెప్పవచ్చు.

మనకు కొత్త కాదు

సీతంపేట కొండల్లోని సవరలు ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో తెల్లని బొమ్మలు వేస్తారు. చనిపోయిన పెద్దల జ్ఞాపకంగానూ, ఇంట్లో జబ్బు చేసినప్పుడూ వేయడం వారి ఆచారం. జ్వరం వస్తే రక్తపరీక్ష, మందులు తప్పవు. అయితే కష్టకాలంలో మనసుకు ఊతంగా బొమ్మను పట్టుకోవడం వారికి ఎప్పటినుంచో తెలుసు. ఇక రోజూ వాకిట్లో చుక్కలు కలిపే చేతికి గీత రాదనడం ఎలా?

ఇలా మొదలుపెట్టండి

* మొదటి వారం పెన్సిల్, తెల్లకాగితం చాలు. ఎదురుగా ఒక వంకాయో, గ్లాసో పెట్టుకోండి. గ్లాసు మూతి గుండ్రమని మనకు తెలుసు కాబట్టి గుండ్రంగానే గీసేస్తాం. కూర్చున్న చోటు నుంచి చూస్తే అది కోలగా ఉంటుంది. తెలిసింది కాదు, కంటికి కనిపించింది గీయాలి.

* రెండో వారం ఒకే ఒక్క వాటర్ కలర్. నీళ్లు పెంచుతూ, తగ్గిస్తూ లేత నుంచి ముదురు వరకు వేసి చూడండి. కాగితం మందంగా ఉండాలి, పల్చనిదైతే తడికి ముడుచుకుపోతుంది.

* తర్వాత ఎరుపు, పసుపు, నీలం. మిగతా రంగులు వీటిని కలిపి చేసుకోండి. ముందు లేత రంగు వేసి, ఆరాక ముదురు రంగు వేయాలి.

* రోజుకు అరగంట చాలు. తేదీ రాసి దాచుకోండి, చింపేయకండి.

జాగ్రత్తలు

నలభై దాటాక దగ్గరివి మసకబారితే కళ్లద్దాలు పెట్టుకునే వేయండి. మెడ వంచి గంటలు కూర్చోవద్దు. కుంచె మొన నోట్లో పెట్టుకోవద్దు. ఆయాసం ఉన్నవారు టర్పెంటైన్ వాడే ఆయిల్ పెయింట్ల జోలికి పోకపోవడం మంచిది. బీపీ, షుగరు మాత్రలు మానకూడదు. రెండు వారాలు దాటినా దిగులు వీడకపోతే డాక్టరును కలవాలి. బతకాలనిపించడం లేదంటే ఒక్కరోజు కూడా ఆగవద్దు. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఇంట్లోవారికీ ఒక మాట. అమ్మ వేసిన మొదటి బొమ్మ చూసి ‘ఇది కాకా, నెమలా?’ అని నవ్వకండి. అడక్కుండా వాట్సాప్‌లో పెట్టకండి. రేపు కూడా వేయమనండి, చాలు.