వరద తర్వాత చిరువ్యాపారం: ఖమ్మం, భద్రాచలం మన్యప్రాంతంలో జీవనోపాధి పునరుద్ధరణ

వ్యాససంగ్రహం

ప్రకృతి వైపరీత్యం తర్వాత అందే సహాయంలో ఇల్లు, పంట, పశువు లెక్కకు వస్తాయి. చిన్న దుకాణం, తోపుడుబండి, సంత వ్యాపారం చాలావరకు ఆ లెక్కకు వెలుపలే ఉండిపోతాయి. 2022 నాటి గోదావరి వరద, 2024 నాటి మున్నేరు వరదల నేపథ్యంలో చిరువ్యాపారి నష్టస్వరూపాన్ని, సహాయ విధానంలోని లోటును, పునరుద్ధరణ మార్గాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: గోదావరి, మున్నేరు, వరద, చిరువ్యాపారం, ఉద్దెర, సంత, జీవనోపాధి.

1. ఉపోద్ఘాతం

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరికను, 48 అడుగులకు రెండవదాన్ని, 53 అడుగులకు మూడవదాన్ని జారీ చేస్తారు. 2022 జూలై 16న ఆ మట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో నమోదైన 75.6 అడుగుల తర్వాత ఇదే అత్యధికం. రెండేళ్ల అనంతరం, 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మం నగరంలోని బొక్కలగడ్డ, ప్రకాశ్‌నగర్, మోతీనగర్ తదితర ప్రాంతాలను ముంచెత్తింది.

ఈ రెండు నదుల వరద స్వభావం ఒకటి కాదు. గోదావరి ఎగువనుంచి హెచ్చరికలతో అంచెలంచెలుగా పెరుగుతుంది. సరుకు తరలించుకోవడానికి కొంత వ్యవధి దొరుకుతుంది. అయితే నీరు తీసి, దారులు తెరుచుకునేదాకా వ్యాపారం స్తంభిస్తుంది. మున్నేరు గంటల వ్యవధిలో ఇళ్లమీదికి వచ్చింది. సరుకు సంగతి అటుంచి, మనుషులు బయటపడడమే గగనమయింది. అందువల్ల ఒకచోట పనిదినాల నష్టం, మరొకచోట సరుకు నష్టం ప్రధానమవుతాయి. సహాయాన్ని రూపొందించేవారు ముందుగా గుర్తించవలసిన భేదమిది.

2. చిరువ్యాపారి నష్టస్వరూపం

తడిసిన బియ్యం బస్తా, పాడైన ఫ్రిజ్, బురద పట్టిన కుట్టుమిషను కంటికి కనిపించే నష్టాలు. కనిపించని నష్టం ఉద్దెరలో ఉంది. వానాకాలం సాగు మొదలయ్యే జూన్, జూలై నెలల్లో రైతుల, కూలీల చేతిలో డబ్బు తక్కువ. ఉప్పు, పప్పు, నూనె ఉద్దెరకే వెళతాయి. పత్తి అమ్మిన తర్వాతో, మిర్చి ఖమ్మం మార్కెట్టుకు చేరిన తర్వాతో ఆ బాకీలు తీరుతాయి. అంటే వరద వచ్చే సమయానికి దుకాణదారు పెట్టుబడిలో ఒక భాగం అరల్లో సరుకుగా, మరొక భాగం ఊరివారి వద్ద బాకీగా ఉంటుంది.

వరద ఈ రెండింటినీ ఒకేసారి దెబ్బతీస్తుంది. ఖాతా పుస్తకం నీటిపాలైతే బాకీకి ఆధారం ఉండదు. పుస్తకం మిగిలినా, పంట మునిగిన రైతును అడగడానికి నోరు రాదు. టోకు వర్తకుడికి చెల్లించవలసిన సొమ్ము మాత్రం అలాగే ఉంటుంది.

అటవీ గ్రామాల్లో వ్యాపారం వారపు సంతల చుట్టూ అల్లుకొని ఉంటుంది. తునికాకు, ఇప్పపువ్వు, చింతపండు వంటి అటవీ ఫలసాయం మీద గిరిజన కుటుంబానికి వచ్చిన సొమ్మే సంతలో గిరాకీగా మారుతుంది. దారులు తెగితే ఈ చక్రం ఆగిపోతుంది. 2022 వరదలో భద్రాచలం గోదావరి వంతెనపై రాకపోకలను సైతం నిలిపివేయవలసి వచ్చింది.

దీనికి పరిపాలనాపరమైన చిక్కు ఒకటి తోడయింది. 2014లో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండగా కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. సరిహద్దుకు ఒకవైపు దుకాణం, మరొకవైపు కొనుగోలుదారు ఉన్నప్పుడు వారి నష్టాన్ని రెండు ప్రభుత్వాలు వేర్వేరుగా లెక్కిస్తాయి.

3. లెక్కకు వచ్చేవి, రానివి

రాష్ట్ర విపత్తు స్పందన నిధికి 2022–26 కాలానికి కేంద్రం నిర్ణయించిన ప్రమాణాలను పరిశీలిస్తే ఈ లోటు స్పష్టమవుతుంది. వర్షాధార పంటకు హెక్టారుకు 8,500, నీటివసతి గల పంటకు 17,000 రూపాయలు ఉన్నాయి. కుటుంబానికి దుస్తులకు 2,500, పాత్రలకు 2,500 ఉన్నాయి. చేనేత, హస్తకళల వారికి పనిముట్లకు 5,000, ముడిసరుకుకు 5,000 ఉన్నాయి. కిరాణా దుకాణంలోని సరుకుకు మాత్రం పద్దు లేదు.

తెలంగాణ ప్రభుత్వం 2022లో భద్రాచలం బాధితులకు, 2024లో తొలుత ఖమ్మం బాధితులకు కుటుంబానికి 10,000 రూపాయల చొప్పున తక్షణ సహాయం ప్రకటించింది. 2024లో అవే వానలకు బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇళ్లతోపాటు కిరాణా, చిన్న దుకాణాలకు 25,000, తోపుడుబండ్లకు 20,000, ఆటోలకు 10,000 రూపాయలు ప్రకటించింది. ఒకచోట కొలమానం కుటుంబం. మరొకచోట కుటుంబమూ వృత్తీ. ఇంట్లోనే దుకాణం నడిపే కుటుంబానికి మొదటి కొలమానంలో ఇల్లు మాత్రమే నమోదవుతుంది.

రుణ పథకాల్లోనూ ఇటువంటి ఖాళీ ఉంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం, 2020లో మొదలైన పీఎం స్వనిధి పథకం పట్టణ వీధి వ్యాపారులను దృష్టిలో పెట్టుకొని రూపొందాయి. ఊరూరా సంతలు తిరిగే అటవీప్రాంత వ్యాపారికి వీటివల్ల కలిగే మేలు స్వల్పం.

4. పునరుద్ధరణ మార్గాలు

2004 సునామీ తర్వాత శ్రీలంకలో సురేశ్ ద మెల్, డేవిడ్ మెకెంజీ, క్రిస్టఫర్ వుడ్రఫ్ చేసిన అధ్యయనం 2012లో ప్రచురితమయింది. తిరిగి చెల్లించనవసరం లేని నగదు పొందిన దెబ్బతిన్న చిన్న వ్యాపారాలు, అది పొందనివాటికంటే దాదాపు రెండేళ్లు ముందుగా పూర్వపు లాభస్థాయికి చేరాయని వారు గుర్తించారు. చిల్లర వ్యాపారంలో పెట్టుబడి అందడం ముఖ్యమైంది. ఉత్పత్తి రంగంలో సరఫరా గొలుసు తెగిపోవడంతో నగదు ప్రభావం అంతగా కనిపించలేదు. ఈ ఫలితాలను మన ప్రాంతానికి అన్వయించుకుంటే కింది చర్యలు ఆవశ్యకమని తోస్తుంది.

అ) వరదకు ముందే నమోదు: గ్రామపంచాయతీ స్థాయిలో దుకాణాలు, బండ్లు, సంత వ్యాపారుల జాబితాను ఏటా మే నెలలో సవరించాలి. నీరు తీసిన తర్వాత రసీదులు అడిగితే, అవి కూడా నీటిలోనే పోయి ఉంటాయి.

ఆ) రెండు విడతల సహాయం: మొదటి విడత సరుకు నింపుకోవడానికి వెంటనే అందాలి. రెండవది బాకీలు వసూలయ్యే కాలం వరకు దుకాణాన్ని నిలబెట్టేలా ఉండాలి.

ఇ) గిరాకీ పునరుద్ధరణ: కొనేవారి చేతిలో సొమ్ము లేకపోతే నిండిన దుకాణం కూడా నడవదు. ఉపాధిహామీ పనుల కూలీని, గిరిజన సహకార సంస్థ అటవీ ఫలసాయానికి ఇచ్చే ధరను జాప్యం లేకుండా చెల్లించాలి. తెగిన సంతదారుల మరమ్మతును జీవనోపాధి సహాయంగానే పరిగణించాలి.

ఈ) రుణ విరామం: మహిళాసంఘాల, బ్యాంకుల కిస్తీలను వాయిదా వేయాలి. రోజువారీ వసూళ్ల అప్పుల్లో ఉన్నవారికి ఈ వాయిదా వర్తించదు కాబట్టి, వారికి సంఘాల ద్వారా తక్కువ వడ్డీ రుణం ఇవ్వాలి.

ఉ) సరుకు రక్షణ: భద్రాచలంలో మొదటి హెచ్చరికతోనే సరుకు భద్రపరచుకునేందుకు మెరకన ఉమ్మడి గిడ్డంగులు తెరవాలి. ఖమ్మంలో మున్నేరు ఎగువ వర్షపాతాన్ని బట్టి రాత్రివేళ కూడా చేరే హెచ్చరిక కావాలి.

5. ముగింపు

మన్యం సరిహద్దు గ్రామాల్లో చిన్న దుకాణం సరుకు అమ్మే చోటు మాత్రమే కాదు. పంట చేతికి వచ్చేదాకా పేద కుటుంబానికి అప్పు పుట్టే చోటు కూడా. అది మూతపడితే ఆ కుటుంబం అధిక వడ్డీకి వెళ్లవలసి వస్తుంది. కాబట్టి దుకాణదారుకు అందే సహాయం అతనితో ఆగదు. అతని ఖాతా పుస్తకంలో పేరున్న ప్రతి ఇంటికీ చేరుతుంది. వరద నష్టం అంచనా పత్రంలో ఇల్లు, పంట, పశువు పక్కన ‘వ్యాపారం’ అనే గడిని చేర్చడం ఈ దిశలో మొదటి మెట్టు.