పొలం నుంచి కాటా దాకా

పంటకు ఎంత ఖర్చయిందయ్యా అని అడిగితే మనం విత్తనం, ఎరువు, మందు, కూలి అని వరసగా చెప్పుకుపోతాం. చివర ఎక్కడో "బండి బాడుగ" అని ఒక మాట కలుపుతాం. సరుకు దారిలో ఎంత తరిగిందో, ఎద్దు ఎంత అలిసిందో, ఎన్ని గంటలు ఊరికే నిలబడ్డామో ఆ లెక్కలోకి రావు. ఇవాళ చెప్పుకోబోయేది ఆ రాని లెక్క గురించే.

రవాణా మీద పరిశోధన అంటే కొత్త మోటారు కనిపెట్టడమే అనుకోకండి. అందులో ఎక్కువభాగం కొలవడం. ఎద్దు ఎన్ని కిలోల బలంతో లాగుతున్నది, చక్రం నేలలో ఎన్ని అంగుళాలు దిగుతున్నది, ఒక్క బస్తాను ఎన్నిసార్లు ఎత్తి దించుతున్నారు, బండి ఎంతసేపు నడిచింది, ఎంతసేపు ఆగింది, ఇవన్నీ కొలవడం. కొలిచి చూస్తే చాలాసార్లు కష్టం మనం అనుకున్న చోట వుండదు.

ముందు ఎడ్లబండినే చూద్దాం. ఇప్పుడు మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో బండ్లు తగ్గినవి, ట్రాక్టర్లు వచ్చినవి, నిజమే. అయినా లాగుడు సంగతి ఎడ్లబండి దగ్గర తెలిసినంత తేటగా మరోచోట తెలియదు. రోజంతా పనిచేయవలసిన ఎద్దు తన ఒంటి బరువులో సుమారు పదోవంతు బలంతో లాగగలదని పరీక్షలవల్ల తేలింది. ఒక్కొక్కటి 400 కిలోలుండే జత అయితే 80 కిలోలన్నమాట. పది బారల దూరం అయితే ఇంకా గట్టిగానే లాగుతాయి, కాని ఆ తరువాత రొప్పుతూ నిలబడిపోతాయి.

ఇప్పుడు లెక్క వేయండి. బండీ సరుకూ కలిసి 1000 కిలోలు అనుకుందాం. 20 అడుగుల నడకకు ఒక అడుగు లేచే ఎగువ వచ్చింది. ఆ ఎగువ ఒక్కదానికే 50 కిలోల లాగుడు కావాలి. చక్రం దొర్లడానికి, ఇరుసు మీద తిరగడానికి మిగిలింది 30 కిలోలు. గట్టిరోడ్డు అయితే ఎలాగో సరిపెట్టుకోవచ్చు. ఇసకదారి అయితే చాలదు. అందుకే కొండల్లో రోడ్డు వేసే ఇంజనీర్లు సామాన్యంగా 20కి 1 కంటె నిటారు కానీయకుండా దారిని చుట్టు తిప్పుతారు. "తిన్నగా ఎక్కించేస్తే దగ్గర గదా" అని మనవాళ్ళు విసుక్కుంటూ వుంటారు. దగ్గరే, దిగేటప్పుడు!

ఇక చక్రం. ఇనప కమ్మి వేసిన కర్రచక్రం సన్నగా వుంటుంది. ఉద్దానం వైపు, సముద్రం దాపు ఊళ్ళలో ఇసకమీద అది కోసుకుంటూ దిగిపోతుంది. అప్పుడు ఎడ్లు సరుకును మాత్రమే లాగడంలేదు. చక్రం తాను తవ్వుకున్న గోతిలోంచి తానే ఎక్కుతూ వుండాలి, అడుగడుగునా. గాలి నింపిన రబ్బరుటైరు అయితే నేలమీద వెడల్పుగా పరుచుకుంటుంది, అంతగా దిగదు. మన దేశంలో 1930ల నుంచే బండ్లకు ఈ టైర్లు వచ్చినవి. మెత్తని నేలమీద వీటితో లాగుడు బాగా తగ్గుతుంది. గట్టిరోడ్డు మీద మాత్రం పెద్ద కర్రచక్రానికీ టైరుకూ అంత తేడా కనపడదు. కనుక ఏ చక్రం మంచిదని అడిగితే, మీ దారి ఎటువంటిదని ముందు అడగాలి.

టైరు వచ్చాక మరో చిక్కు వచ్చింది. లాగుడు తేలిక అయింది గదా అని బస్తాలు పెంచాం. ఆ బరువులో కొంత నేరుగా కాడిమీదికి, అంటే ఎద్దు మెడమీదికి వచ్చింది. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్‌కు మొదటి డైరెక్టరుగా పనిచేసిన ఎన్.ఎస్. రామస్వామిగారు 1970లలో ఎడ్లబండి మీద పట్టుబట్టి పరిశోధన చేయించారు. అంత పెద్ద చదువుల సంస్థకు ఎడ్లబండితో పనేమిటని నవ్వేవారు వుంటారు. కాని అప్పట్లో దేశంలో కోటికి పైగా బండ్లు తిరుగుతూ వుండేవి, పల్లె సరుకంతా వాటిమీదనే కదిలేది. వారు ఎత్తిచూపినవి చిన్న విషయాల్లాగే కనపడతవి. కాడి గరుకుగా, సన్నగా వుండి మెడను ఒరుసుకుని పుండు చేస్తుంది. ఇరుసుదగ్గర రాపిడి ఎక్కువ. బండికి బ్రేకు లేదు, పల్లంలో దిగేటప్పుడు బరువంతా వెనకనుంచి వచ్చి మెడలమీదనే ఆగుతుంది. పుండుపడ్డ ఎద్దును నాలుగురోజులు కట్టేస్తే దుక్కి పోతుంది, ఆ నష్టాన్ని బండి ఖాతాలో ఎవరూ రాయరు.

ఇందులో మనం చేతనే సరిచేసుకోగలిగినది బరువు సర్దడం. బస్తాలు వేసిన తరువాత, ఎడ్లను కట్టకముందు, కాడి కింద చెయ్యిపెట్టి లేపి చూడండి. ఒక మనిషి తేలిగ్గా లేపగలిగితే సర్దుబాటు బాగున్నట్టు. లేపలేకపోతే ముందుబరువు ఎక్కువైంది, రెండు బస్తాలు వెనక్కు జరపండి. కాడి తనంతట తానే పైకి లేచిపోతే వెనకబరువు, అదీ పనికిరాదు, గొంతుకు కట్టిన పలుపు బిగుస్తుంది. రెండుచక్రాల ట్రాక్టరు ట్రాలీకీ ఇదే సూత్రం. ముందు మితిమీరి బరువు వేస్తే ఎగువలో ట్రాక్టరు ముందుచక్రాలు తేలతవి. అలా తేలి తిరగబడిన ట్రాక్టరు సంగతి వినని ఊరు లేదేమో.

రోడ్డు మాటకు వద్దాం. ఢిల్లీలో కేంద్ర రోడ్డు పరిశోధనా సంస్థ 1952లో మొదలైంది. సన్నని ఇనప కమ్మి కంకరరోడ్డును ఎలా పిండి చేస్తుందో, ఏ మట్టి నీటికి ఎంత ఉబ్బుతుందో, ఏ నేలమీద ఎంత మందం కంకర వేయాలో పరీక్షించి చెప్పడం ఇటువంటి సంస్థల పని. మందం ఎక్కువ వేస్తే డబ్బు దండగ, తక్కువ వేస్తే రెండు వానకాలాలకు రోడ్డు దండగ. ఇప్పుడు ఇనప కమ్మి బండ్లు లేవుగాని వాటి తమ్ముళ్ళు వచ్చినవి. దమ్ము చక్రాలతో ట్రాక్టరును పొలంలోంచి నేరుగా తారురోడ్డెక్కించేవారు ప్రతి ఊళ్ళోనూ వున్నారు. ఆ చక్రాలు బురద కోసం చేసినవి. రోడ్డుమీద బరువంతా ఆ ఇనప పలకల అంచులమీద పడి తారు చీలుతుంది. చీలికలోకి నీరు దిగుతుంది. రోడ్డును చంపేది చివరకు నీరే. పొలం గట్టుదగ్గరే చక్రం మార్చుకోవడానికి అరగంట పడుతుంది, చికాకే. కాని ఆ రోడ్డుమీదనే పుష్యమాసంలో మన ధాన్యం పోవాలి.

కొండలమీద ఊళ్ళకు ఈ గొడవ కూడా లేదు, ఎందుకంటే అసలు రోడ్డే లేదు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరులో మొదలైంది. మైదానంలో 500 మంది, కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో 250 మంది వున్న ఊరికి దారి అన్నారు. సీతంపేట, పార్వతీపురం కొండల్లో 30 గడపల గూడేలు ఆ లెక్కకు అందలేదు. 2023లో వచ్చిన పి.ఎం. జన్‌మన్ పథకంలో కొండసవర వంటి తెగల ఊళ్ళకు 100 మంది వున్నా చాలునన్నారు. మంచిదే. అయితే తలలను లెక్కపెట్టినట్టు దిగే సరుకును లెక్కపెట్టినవారు తక్కువ. సీతంపేట కొండల అనాసపండు కావిడిమీద దిగుతుంది. దించిన పండును తిరిగి కొండమీదికి మోసుకుపోయే మనిషి లేడని వర్తకుడికి తెలుసు, అందుకని ఆయన చెప్పిందే ధర. పదిమైళ్ళ దారి వేయకముందు, ఆ కొండమీది నుంచి ఏ నెలలో ఎన్ని కావిళ్ళు దిగుతున్నవి, ఎన్ని పళ్ళు నలిగిపోతున్నవి, రోగిని డోలీలో దించడానికి ఎన్ని గంటలు పడుతున్నది అని విస్తరణోద్యోగులు ఒక్క సంవత్సరం రాసిపెడితే, ఏ గూడేనికి ముందు దారి కావాలో కాగితమే చెబుతుంది.

దారి వున్నంతమాత్రాన సరుకు కదలదనడానికి మన నౌపడ సాక్ష్యం. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్నరైలు 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి నడిచింది, 1931 నాటికి గుణుపురం చేరింది. దాని పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు. మదరాసు, కలకత్తా పెద్దలైనుది అయిదున్నర అడుగులు. చిన్నబండి పెట్టె పెద్దలైను ఎక్కదు. కనుక అవతలికి పోవలసిన బస్తాను నౌపడలో దించాలి, మోయాలి, మళ్ళీ ఎక్కించాలి. ఆ చేతుల మారకంలో కారిన గింజ, చిరిగిన గోనె, గడిచిన పూట, వీటికి రైలు వేగంతో సంబంధం లేదు. చిన్నలైను 2004లో ఆపి, వెడల్పు చేసి, 2011లో తిరిగి తెరిచారు. రవాణాలో నష్టం నడిచేచోటకంటె ఒకదానినుంచి మరోదానికి మారేచోట ఎక్కువ.

ఈ మాట చెరకు రైతుకు చెప్పనక్కరలేదు. ఆమదాలవలస మిల్లు మూతపడి చాలా ఏళ్ళయింది. తరువాత భీమసింగి, లచ్చయ్యపేట మిల్లుల్లో గానుగ ఆగినప్పుడు ఆ ప్రాంతపు చెరకు రేగిడి మండలం సంకిలి దాకా పోవలసివచ్చింది. దూరం పెరిగింది, దానితోబాటు గంటలూ పెరిగినవి.

కోసిన చెరకు చచ్చిన కర్ర కాదు. అది ఊపిరి తీస్తూనే వుంటుంది. లోపలి నీరు ఆరి తూకం తగ్గుతుంది. చక్కెర విడిపోయి, గట్టి చక్కెరగా గడ్డకట్టని తీపిగా మారుతుంది. కోసిన కొసలనుంచి సూక్ష్మజీవులు చేరి రసాన్ని జిగురు చేస్తవి. ఎండ ముదిరినకొద్దీ ఇదంతా త్వరగా జరుగుతుంది. కోసిన 24 గంటల లోపల గానుగ ఆడించాలని శాస్త్రజ్ఞులు చెప్పేది అందుకే. చెరకు మీద 1913 నుంచి పనిచేస్తూ వున్న అనకాపల్లి పరిశోధనా స్థానం మన పొరుగునే వున్నది, రకాల సంగతే కాదు, ఈ సంగతీ అక్కడ అడిగి తెలుసుకోవచ్చు. తూకం తగ్గితే నష్టం నేరుగా రైతుది, కాటా మీద నిలిచిన బరువుకే గదా డబ్బు. చక్కెర తగ్గితే నష్టం ముందు మిల్లుది, రికవరీ పేరుతో అదీ తిరిగి మన ధరకే తగులుతుంది.

లారీ గంటకు ఎంత వేగంతో పోయిందన్నది ఇందులో చిన్న సంగతి. యార్డులో నిలబడే సమయం అసలు సంగతి. మిల్లు రోజుకు 100 బండ్ల చెరకు ఆడుతుందనుకోండి, 120 బండ్లకు పర్మిట్లు ఇచ్చారనుకోండి. రోజుకు 20 మిగులుతవి. అయిదోనాటికి 100 బండ్లు నిలవ, అంటే ఆ రోజు వచ్చిన రైతుకు ఒక పూర్తిరోజు ఎదురుచూపు. రోడ్డు వెడల్పు చేసినా, ఇంజను మార్చినా ఈ రోజు తగ్గదు. పర్మిట్ల లెక్క గానుగ లెక్కతో కలిస్తేనే తగ్గుతుంది.

రైతు చేతిలో వున్నవీ కొన్ని వున్నవి. బండి వస్తుందని ఖాయంగా తెలిసిన తరువాతనే కత్తి పట్టండి. చెత్త ఆకు బాగా రాల్చి పంపండి, దానికి బాడుగ దండగ. చెరకును ముక్కలుగా నరకవద్దు, కోత కొసలు ఎన్ని ఎక్కువైతే చెడుగు అంత ఎక్కువ. తోటకు నిప్పు అసలే పెట్టవద్దు. బండి ఆలస్యమైతే కట్టలు నీడలో పేర్చి, ఎండాకు కప్పి, పైన నీళ్ళు చల్లండి.

విస్తరణోద్యోగులకు ఒక మనవి. ఈ సీజనులో ఒక్క ఊరు తీసుకోండి. ప్రతి పర్మిట్ వెనక మూడు గంటలు రాయించండి. కోత మొదలైన గంట, బండి పొలం విడిచిన గంట, కాటా ఎక్కిన గంట. రాయడానికి రైతుకు పెన్సిలు చాలు. సీజను చివర ఆ కాగితాలు ఒకచోట పేర్చి, మిల్లువారినీ రైతులనూ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ఎక్కువసేపు గడిచింది పొలంలోనా, దారిలోనా, యార్డులోనా చూడండి. పర్మిట్ల గురించి ఏం అడగాలో, ఎవరిని అడగాలో ఆ బల్లదగ్గరే తేల్చుకోవచ్చు.